ఐదు రోజుల సైన్యం, మూడేళ్ల దళం

యాప్రాల్‌లో సాయంత్రం నడకకు బయల్దేరితే నాలుగడుగులకో రిటైరైన ఫౌజీ ఎదురవుతాడు. ఒకవైపు బొల్లారం, మరోవైపు సైనిక్‌పురి, ఇంకాస్త పోతే తిరుమలగిరి. రెండు శతాబ్దాలుగా సైన్యం చుట్టూ అల్లుకుంటూ వచ్చిన ప్రాంతం ఇది. ఇక్కడి సిమెంటు బెంచీల మీద 1965 గురించి, 1971 గురించి, కార్గిల్ గురించి ఎంతసేపైనా వినొచ్చు. కాగితం కూడా అక్కర్లేదు, చేతికర్రతో మట్టిలో గీసి చూపిస్తారు: ఇక్కడ మన ట్యాంకులు, అదిగో వాళ్ల గుట్ట. జాఫ్నా మాటెత్తితే మాత్రం ఆ కర్ర ఆగిపోతుంది. అక్కడ గీయడానికి గీతే లేదు. శత్రువు ఎటువైపు ఉన్నాడంటే ఏం చెబుతారు? లుంగీ కట్టుకుని సైకిల్ మీద ఎదురొచ్చిన కుర్రాడు ఎవరో, బావి దగ్గర నిలబడి లారీలు లెక్కపెట్టినవాడు ఎవరో, ఇప్పటికీ వాళ్లకు తెలియదు.

1987 జులై చివర్లో శ్రీలంకలో మొదటగా దిగిన భారత బలగం మన సికింద్రాబాద్ కేంద్రంగా ఉండే 54వ పదాతి డివిజన్. వెళ్లింది యుద్ధానికి కాదు, తమిళ టైగర్ల చేత ఆయుధాలు కింద పెట్టించడానికి. మూడు నెలలు తిరక్కుండానే అది యుద్ధమైంది. ఆ కథకు మళ్లీ వస్తాను. ముందు చెప్పాల్సింది, ఈ కంటోన్మెంటుకు చిన్న దళాలతో పరిచయం జాఫ్నాలో మొదలవలేదని. అది అంతకు నూరేళ్ల ముందు సంగతి.

1879లో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు లేచినప్పుడు దాన్ని అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన బలగాల జాబితా చూస్తే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. వందల మంది పోలీసులు, మద్రాసు పదాతి దళపు ఆరు రెజిమెంట్లు, అశ్విక దళం, రెండు కంపెనీల సాపర్లు. అవీ చాలక హైదరాబాద్ కంటింజెంట్ నుంచి ఇంకో పదాతి రెజిమెంటు. ఆ కంటింజెంట్‌కు ప్రధాన స్థావరం బొల్లారం. ఎదుట ఉన్నది ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర వంటి నాయకుల కింద విల్లంబులతో, నాటు తుపాకులతో తిరిగే కొండరెడ్లు, కోయలు. తిరుగుబాటుకు తక్షణ కారణాల్లో ఒకటి చిగురుపన్ను. తమ చెట్టు కల్లు తాము గీసుకోవడానికి కొండవాళ్లు కట్టాల్సిన పన్ను అది. వాళ్ల మీదికి అంత బలగం దింపడం, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అలాంటిది. అయినా పిచ్చుక ఏడాది దాటినా పూర్తిగా దొరకలేదు.

ఈ విషయం మీద రాసేవాళ్లు చాలామంది సుమతీ శతకంలోని చలిచీమలతో, పాముతో మొదలుపెడతారు. నాకు ఆ పోలిక మొదటి నుంచీ సరిపడదు. చీమలు గుంపుగా వచ్చి పామును కమ్మేస్తాయి. అది సంఖ్యాబలం. గెరిల్లా చేసే పని దీనికి నేరుగా ఎదురు. అతను గుంపు కట్టడు. గుంపు కట్టిన రోజే చస్తాడు. అందుకు సాక్ష్యాలు మన నేల మీదే ఉన్నాయి.

1948 సెప్టెంబరు తీసుకోండి. నిజాం దగ్గర అల్ ఇద్రూస్ నడిపే క్రమబద్ధమైన సైన్యం ఉంది, ఫిరంగులున్నాయి, బ్యారక్‌లున్నాయి, వాటితో పాటు కాసిం రజ్వీ రజాకార్లున్నారు. సెప్టెంబరు 13న భారత సైన్యం సరిహద్దు దాటింది. 17 సాయంత్రానికి నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు అల్ ఇద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురికి లొంగిపోయాడు. ఐదు రోజులు. అదే భారత సైన్యం, అదే చౌదురి మిలిటరీ గవర్నరుగా ఉండగా, నల్లగొండ, వరంగల్, ఖమ్మం పల్లెల్లో బర్మార్ తుపాకులతో తిరుగుతున్న కమ్యూనిస్టు దళాల మీదికి తిరిగింది. ఆ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. ముగిసింది కూడా దళాలన్నీ హతమై కాదు. పార్టీయే విరమణ ప్రకటించింది.

ఒక రాజ్యపు సైన్యం ఐదు రోజులు నిలవని చోట, రైతు కూలీల దళాలు మూడేళ్లు ఎలా నిలిచాయి? ధైర్యం అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. నిజాం సిపాయిల్లో ధైర్యవంతులు లేరా? ఉన్నారు. కానీ వాళ్లు ఒక చోట నిలబడి ఆ చోటును కాపాడాల్సినవాళ్లు. నల్‌దుర్గ్ పోతే షోలాపూర్ బాట తెరుచుకుంటుంది, బాట తెరుచుకుంటే హైదరాబాద్ పోతుంది. పోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడు దాన్ని కాపలా కాయక తప్పదు. దళానికి కాపలా కాయాల్సిన రాజధాని లేదు, ఖజానా లేదు, జెండా కర్ర కూడా లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బు తిరుగుబాటుదార్లతో కలిసి తిరిగిన టి.ఇ. లారెన్స్ దీన్ని లెక్క కట్టి చూశాడు. అరబ్బు ఎడారిని టర్కీ సైన్యం నిజంగా అదుపులో పెట్టాలంటే నాలుగు చదరపు మైళ్లకో ఠాణా, ఠాణాకు కనీసం ఇరవై మంది కావాలి. మొత్తం ఆరు లక్షల మంది. టర్కీకి ఉన్నది లక్ష. ఇంతే రహస్యం. ఊరికి పన్నెండు తోవలుంటే సర్కారు పన్నెండూ రాత్రంతా కాయాలి. దళానికి ఒక్కటి చాలు, అదీ తనకు ఇష్టమైన రాత్రి. గెరిల్లా అన్న మాట 1808లో నెపోలియన్ మీద తిరగబడ్డ స్పెయిన్ నుంచి ప్రపంచానికి వచ్చింది. వాళ్ల భాషలో దానర్థం చిన్న యుద్ధం. మాట కొత్తదే గానీ, అంతకు రెండు వందల ఏళ్ల ముందే మాలిక్ అంబర్ ఇదే దక్కన్‌లో మొగలు సేనలను ఈ పద్ధతిలోనే సతాయించాడు. ఆయన 1626లో చనిపోయే దాకా అహ్మద్‌నగర్ రాజ్యాన్ని ఢిల్లీ పూర్తిగా మింగలేకపోయింది.

అయితే లారెన్స్ లెక్కలో ఒక ఖాళీ ఉంది. ఎడారిలో దాక్కోవచ్చు, మన్యంలోనూ దాక్కోవచ్చు, నల్లగొండ జిల్లా పల్లెలో ఎక్కడ దాక్కుంటారు? మెట్ట చేలు, రాళ్ల గుట్టలు, ఎండాకాలం వస్తే మోకాలెత్తు పచ్చిక కూడా ఉండని నేల. అక్కడ దళానికి అడవి మనుషులే. దళంవాళ్లు, అంటే సంగపోళ్లు, వచ్చారంటే ఎవరో ఒకరు గటకో సంకటో పెట్టాలి. తెల్లారి పోలీసులొచ్చి అడిగితే చూడలేదనాలి. ఒకటి అన్నం, రెండోది ఆచూకీ. నేను చదివిన ప్రతి చిన్న యుద్ధం చివరికి ఈ రెండింటి దగ్గరే తేలింది. అన్నం దళానికి అందుతూ, ఆచూకీ సర్కారుకు అందకుండా ఉన్నంతకాలం ఎంత పెద్ద సైన్యమైనా చీకట్లో గుడ్డివాడి కర్రే. ఈ రెండూ తారుమారైన నాడు ఎంత గొప్ప దళమైనా నెలల్లో కరిగిపోతుంది.

అల్లూరి సీతారామరాజు కథను ఈ దృష్టితో మళ్లీ చదవండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు ఠాణాలు. ఆ దాడుల్లో దొరికింది 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు. అంటే తొలి ఆయుధాగారం ప్రభుత్వానిదే. తర్వాతి దాడుల సంగతి ముందే మిరపకాయ టపాలో పోలీసులకు చెప్పి మరీ వచ్చేవాడని జనంలో కథలున్నాయి. కథలను పక్కన పెట్టినా సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది మాత్రం చరిత్ర. ఇరుకు దారిలో ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న ఇంగ్లిషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చారు. ఇందులో గురి ఒక్కటే కాదు, రాజకీయం కూడా ఉంది. సిపాయిలు బతికి వెళ్లి ఏం చెబుతారో రాజుకు తెలుసు.

ఆ కొండలు తెలిసిన గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి వాళ్లు రాజు వెంట ఉన్నారు. వాళ్లకు రాజుతో కలవడానికి కారణం దేశభక్తి అన్న పెద్ద మాట కన్నా ముందు పొట్ట. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం నేరమైంది. ఘాట్ రోడ్డు పనికి గూడేల వాళ్లను తరుముకెళ్లి, ఇవ్వాల్సిన కూలి ఇవ్వని గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ పేరు మన్యంలో తిట్టుగా మిగిలింది. అన్నం ఎందుకు దొరికిందో ఇక వేరే చెప్పాలా? రాజు బలమంతా బాస్టియన్ లాంటి వాళ్లు పోగు చేసి ఇచ్చిందే.

మైదానం నుంచి వచ్చిన పోలీసులు కొండజ్వరంతో పడ్డారు, దారి తెలియక పడ్డారు. మలబారు స్పెషల్ పోలీసులను దింపారు. 1922 డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర రాజు దళం ఎదురుపడి పోరాడి మనుషులను పోగొట్టుకుంది. ఆ తర్వాత అంత బాహాటంగా తలపడటం తగ్గింది. 1924 జనవరికి అస్సాం రైఫిల్స్ వచ్చారు. వీళ్లు కొండలకు అలవాటు పడ్డవాళ్లు. ఏప్రిల్‌లో స్పెషల్ కమిషనర్‌గా వచ్చిన రూథర్‌ఫర్డ్ రాజును వెతకడం కన్నా రాజుకు తిండిపెట్టే గూడేలను వెతికాడు. నెల తిరక్కుండానే, మే 7న, రాజు మంప దగ్గర పట్టుబడ్డాడు. కొయ్యూరులో విచారణ లేకుండా కాల్చి చంపారు. రెండేళ్లు కొండంతా దాచిన మనిషి అన్నం దారులు మూసుకుపోయిన నెలలో దొరికాడు. దీన్ని కొండవాళ్ల ద్రోహంగా చూపించే కథనాలున్నాయి. అది అన్యాయం. పిల్లలకు గంజి పోసుకోవడానికి కూడా లెక్క చెప్పాల్సిన స్థితికి తెచ్చాక నోరు మూసుకుని ఉండమనడం ఎవరి తరం?

గుంపు కట్టిన రోజే చస్తాడని పైన అన్నాను. భైరాన్‌పల్లి గుర్తుకు రావాలి. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని ఈ ఊరు రజాకార్ల మొదటి దాడులను తిప్పికొట్టింది. ఊరి నడుమ ఎత్తైన బురుజు ఉంది. పైనుంచి కాపలా, నగారా మోత, వడిసెల రాళ్లు, నాటు తుపాకులు. ఊరు గెలిచిందనే అనుకుంది. 1948 ఆగస్టు 27న ఈసారి నిజాం బలగాలు ఫిరంగితో సహా వచ్చాయి. బురుజు కదలదు కదా. పదుల సంఖ్యలో యువకులను వరసగా నిలబెట్టి కాల్చేశారు. మొదట ఊరిని కాపాడిన బురుజే చివరకు ఊరిని పట్టిచ్చింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు 1940లో జోడేఘాట్ కొండ మీద గోండు నాయకుడు కుమ్రం భీమ్ చేసిందీ ఇలాంటి నిలబడ్డ యుద్ధమే. కొండను చుట్టుముట్టారు, కాల్చారు, అయిపోయింది. త్యాగం దృష్టితో చూస్తే వీటికి సాటి లేదు. యుద్ధం దృష్టితో చూస్తే, పెద్ద సైన్యానికి అచ్చొచ్చే పద్ధతిలో పోరాడిన సందర్భాలివి.

దళాలు ఈ పాఠం నేర్చుకున్నాయి. పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాసిన లెక్క ప్రకారం పోరాటం ఉచ్చదశలో మూడు వేల గ్రామాల్లో సంఘం పాలన నడిచింది, పది లక్షల ఎకరాలు పంచారు, గ్రామ రక్షక దళాల్లో పది వేల మంది, సంచార గెరిల్లా దళాల్లో రెండు వేల మంది ఉన్నారు. ఈ చివరి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. తిరిగే వాడు ఒకడైతే ఊళ్లో ఉండి చూసుకునేవాళ్లు ఐదుగురు. ఆ ఐదుగురి వెనక పేర్లు రాయని ఆడవాళ్లు. గంపలో అన్నం మూట, పైన పేడ తట్ట. మల్లు స్వరాజ్యం తల మీద పదివేల రూపాయల బహుమతి పెట్టినా ఆమెను పట్టివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదంటే, ఆ రోజుల్లో పదివేలంటే ఎంతో తెలిసినవాళ్లకు ఆచూకీ విలువ అర్థమవుతుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. 1948 సెప్టెంబరు దాకా శత్రువు ఎవరో ప్రతి ఊరికీ తెలుసు: దొర, దొర వెనక రజాకారు. సైన్యం వచ్చి రజాకారును తరిమేసింది. చాలా పల్లెలు ఆ సైన్యానికి హారతులు పట్టాయి. పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని ఆ సైన్యం వెనకే గడీలకు తిరిగొచ్చారన్నది నిజం. కానీ శత్రువు ముఖం మాత్రం మసకబారింది. రావి నారాయణరెడ్డి లాంటివారు ఇక ఆయుధాలు దించుదామన్నారు. మిగతా నాయకత్వం కాదంది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. సర్కారు ఒక చేత్తో ఊళ్లను కొట్టి, ఇంకో చేత్తో ఊళ్లకు కావాల్సింది కొంత ఇచ్చింది. దళాలు మైదానం వదిలి గోదావరి అడవులకు, నల్లమలకు తప్పుకున్నాయి. అక్కడ సైన్యం కోయ గూడేలను ఖాళీ చేయించి, రోడ్డు పక్క కంచెల శిబిరాల్లో పెట్టింది. అదే కాలంలో మలయాలో బ్రిటిష్ వాళ్లు బ్రిగ్స్ పథకం పేరుతో దాదాపు ఐదు లక్షల మందిని కొత్త గ్రామాల్లోకి మార్చి చేసిన పని కూడా ఇదే. చేపను పట్టలేకపోతే చెరువు ఎండగట్టడం. సుందరయ్య లెక్కలో ఈ పోరాటంలో నాలుగు వేల మంది చనిపోయారు, పది వేల మంది ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గారు.

1951 ఫిబ్రవరిలో పార్టీ నాయకులు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. విప్లవాల గురించి ఏం చెబుతాడో వినడానికి వెళ్లినవాళ్లకు ఆయన చెప్పింది భూగోళశాస్త్రం. చైనా గెరిల్లాలకు వీపు ఆనించడానికి వెనక సోవియట్ నేల ఉంది, మీ వెనక ఎవరున్నారు? తెలంగాణ చుట్టూ ఉన్నవి మద్రాసు, బొంబాయి, మధ్యప్రదేశ్. సిద్ధాంతం గురించి పుస్తకాల కొద్దీ వాదించుకునే మన వామపక్షం ఈ ఒక్క మ్యాపు ప్రశ్నను చాలా ఆలస్యంగా ఎదుర్కొందని నా అభిప్రాయం. విరమించిన కొద్ది నెలలకే, 1952 ఎన్నికల్లో, రావి నారాయణరెడ్డి నల్లగొండలో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. దళానికి అన్నం పెట్టిన ఇళ్లే ఆ ఓట్లూ వేశాయి.

ఇప్పుడు జాఫ్నా. 54వ డివిజన్‌ను అక్కడికి పంపినప్పుడు దాని దగ్గర లేనిది తుపాకీ కాదు. సరైన మ్యాపులు లేవు, భాష లేదు, ఊళ్లో కబురు చెప్పే మనిషి లేడు. టైగర్లకు అంతకు ముందు తమిళనాడులో శిక్షణ ఇచ్చింది మన సంస్థలే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇల్లు వాళ్లది, నేర్పిన గురువులం మనం. 1987 అక్టోబరు 11 అర్ధరాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలోకి హెలికాప్టర్లలో కమాండోలను, సిక్కు లైట్ ఇన్‌ఫంట్రీ జవాన్లను దించి టైగర్ల నాయకుడు ప్రభాకరన్‌ను పట్టుకోవాలనుకున్నారు. మన రేడియో మాటలు టైగర్లు ముందే విన్నారు. దిగిన సిక్కు జవాన్లు ముప్పై మందిలో 29 మంది చనిపోయారు, ఒకరు పట్టుబడ్డారు. చుట్టుముట్టిన కమాండోలను బయటికి తేవడానికి ట్యాంకులు రోడ్లు వదిలి రైలుకట్ట మీదుగా వెళ్లాల్సి వచ్చింది, ఎందుకంటే ప్రతి కల్వర్టు కింద మందుపాతర ఉందన్న భయం. ఒక కల్వర్టు కింద నిజంగా పెడితే చాలు. మిగతా అన్నిటి కిందా సైన్యం తనే భయాన్ని పెట్టుకుంటుంది.

జాఫ్నా పట్టణం చివరికి మన చేతికొచ్చింది. కానీ టైగర్లు అడవుల్లోకి జారుకున్నారు. 1990 మార్చిలో చివరి జవాను తిరిగొచ్చేనాటికి దాదాపు 1,200 మందిని పోగొట్టుకున్నాం. మనల్ని పంపేయడానికి కొలంబోలో ప్రేమదాస ప్రభుత్వం టైగర్లకే ఆయుధాలందించిందన్నది ఇంకో చేదు. తిరిగొచ్చిన జవాన్లను స్వాగతించడానికి అప్పట్లో పెద్ద సంబరాలేమీ జరగలేదు. బెంచీల మీద కర్ర ఆగిపోవడానికి అదీ ఒక కారణమనుకుంటాను.

అదే టైగర్లు 2009 మేలో ముల్లైత్తీవు ఇసుక తీరంలో తుడిచిపెట్టుకుపోయారు. అప్పటికి వాళ్లు గెరిల్లాలుగా లేరు. రాజధాని పెట్టుకున్నారు, కోర్టులు పెట్టుకున్నారు, నౌకాదళం, ఆఖరికి చిన్న విమానాలు కూడా సంపాదించారు. కాపాడుకోవాల్సింది పెరిగింది. శ్రీపెరుంబుదూరులో 1991 మే 21న రాజీవ్ గాంధీని చంపి తమిళనాడు అనే వెన్నుదన్నును తామే తెంచుకున్నారు. శ్రీలంక సైన్యమేమో ఎనిమిదేసి మంది చిన్న బృందాలుగా అడవిలో తిరగడం నేర్చుకుంది. పెద్దవాడు చిన్న అడుగులు నేర్చుకుంటుంటే చిన్నవాడు పెద్ద కోట కట్టుకున్నాడు. భైరాన్‌పల్లి బురుజే, కాస్త పెద్ద కొలతలో.

చిన్న అడుగులు నేర్చుకోవడంలో మన రాష్ట్రం ఎవరికీ తీసిపోలేదు. నక్సలైట్లను ఎదుర్కోవడానికి 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో ఏర్పడ్డ పోలీసు బలగం గ్రేహౌండ్స్ చేసిన పని సిద్ధాంతంగా చాలా చిన్నది: జీపు దిగడం. మందుపాతరలున్న రోడ్డు వదిలేసి, తిండి వీపుకు కట్టుకుని, రాత్రుళ్లు అడవిలో నడవడం. 1993 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో పరుగెత్తుతుండగా నక్సలైట్లు వ్యాస్‌ను చంపారు. పద్ధతి మాత్రం ఆగలేదు. ఆ పద్ధతి మరిచిన రోజున ఏమవుతుందో 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో తెలిసింది. ఒకే పడవలో అందరూ ఎక్కారు, గట్టు మీద నుంచి దాడి జరిగింది, ముప్పై మందికి పైగా నీళ్లలో పోయారు. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ జిల్లా తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు చనిపోయినప్పుడు కూడా తప్పు అలాంటిదే. ఎక్కడ ఉంటారో ఎదుటివాడికి ముందే తెలిసిన బలగం అది.

ఈ మధ్యలో ఊళ్ల సంగతి ఎవరూ అడగరు. ఆచూకీ చెబితే ఒకరు చంపుతారు, చెప్పకపోతే ఇంకొకరు కొడతారు. ఇన్‌ఫార్మర్ అన్న ఒక్క ముద్రతో ఏజెన్సీ గూడేల్లో మావోయిస్టుల చేతిలో పోయిన ప్రాణాలెన్నో. దళానికి అన్నం పెట్టాడన్న అనుమానంతో ఠాణాల్లో నలిగిన ప్రాణాలూ అలాంటివే. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వాజుడుం పేరుతో ఊళ్లను శిబిరాలకు తరిమినప్పుడు తప్పించుకున్న గుత్తికోయలు సరిహద్దు దాటి ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో కాపురాలు పెట్టారు. జుడుంకు ఊతమైన ప్రత్యేక పోలీసుల నియామకం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. గుత్తికోయలు మాత్రం ఇక్కడ ఇంకా పరాయివాళ్లే. గెరిల్లా యుద్ధాన్ని వీరగాథగా మాత్రమే చెప్పేవాళ్లు, శాంతిభద్రతల సమస్యగా మాత్రమే చెప్పేవాళ్లు ఇద్దరూ ఈ గుడిసెల ముందు నుంచే నడిచిపోతారు.

ఇప్పుడు ఆచూకీ ధర పడిపోయింది. సెల్ టవర్లను మావోయిస్టులు పేల్చిన రోజుల్లో మనం నవ్వుకున్నాం గానీ, వాళ్లకు తెలుసు ఏం వస్తోందో. రోడ్డు, డ్రోను, ఫోను, వీటికి తోడు లొంగిపోయిన పాత సహచరుల నోరు. 2025 మే 21న అబూజ్‌మడ్‌లో పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు చనిపోయారు. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో అరవై మందితో ఆయుధాలు అప్పగించారు. నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మడావి హిడ్మా, మరో ఐదుగురు చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు, కాదని హక్కుల సంఘాలు. టెక్నాలజీ ఓడించిందని చాలామంది రాశారు. నేను సగమే ఒప్పుకుంటాను. డ్రోను అడవిని చూస్తుంది, పొయ్యి మీద ఎసరు ఎవరి కోసమో చూడలేదు. ఆ ఎసరు తగ్గడం డ్రోన్ల కన్నా ముందే మొదలైంది. చదువుకున్న కొత్త తరం అడవికి పోవడం ఆగిపోయి చాలా ఏళ్లయింది.

హిడ్మా చనిపోయిన నాటికి మారేడుమిల్లి ఉన్న జిల్లా పేరు అల్లూరి సీతారామరాజు జిల్లా. పేరు పెట్టింది కూడా ప్రభుత్వమే, 2022లో.

దళాలు ఓడిన తర్వాత ప్రతిసారీ కాగితం మీద ఏదో కదిలింది. 1879 తిరుగుబాటును అణచాక రంప మన్సబ్‌దారును తప్పించి, చిగురుపన్ను ఎత్తేశారు. భీమ్‌ను చంపాక నిజాం ప్రభుత్వం గోండులకు కోపం ఎందుకొచ్చిందో తెలుసుకురమ్మని హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. మార్లవాయిలో బడి, వేల మందికి పట్టాలు ఆ తర్వాతే వచ్చాయి. తెలంగాణ పోరాటం నడుస్తుండగానే జాగీర్లు పోయాయి. అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం తన ముందుమాటలోనే ఒప్పుకుంది. ఇవన్నీ తుపాకీ వల్లే వచ్చాయని నేననను. అందులో చాలావరకు అడిగినప్పుడే ఇచ్చి ఉంటే బొల్లారం నుంచి రెజిమెంటు కదలాల్సిన పని ఉండేది కాదని మాత్రం అంటాను.

2023 జూన్ 30న పోడు భూములకు పట్టాలు పంచే కార్యక్రమాన్ని తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టింది. మొత్తం దాదాపు నాలుగు లక్షల ఎకరాలు. ఆ జిల్లా పేరు ఇప్పుడు కుమ్రం భీమ్ ఆసిఫాబాద్. జోడేఘాట్ కొండ మీద కాల్పులు జరిగి అప్పటికి 83 ఏళ్లు. ఆ కొండ కింద ఇప్పటికీ పట్టా అందని చేలు ఉన్నాయి, వాటిలో వానాకాలం మొదలవగానే అటవీ సిబ్బందికీ ఊరివాళ్లకూ మధ్య మళ్లీ అదే వాదన మొదలవుతుంది.